మా మేనత్త మాట, దేవుని మాట

మా మేనత్త అరచేతిల కర్పూరం వెలిగించినోళ్ల పేర్లు నేను రాయను. వాళ్ల మనుమలు, మనుమరాండ్లు బాధపడుతరని గాదు. ఊరంత నిలవడి చేసిన పనికి ఇద్దరు ముగ్గురి పేర్లు రాస్తె మిగిలినోళ్లు తప్పించుకుంటరు. ఆ మిగిలినోళ్లల్ల నన్ను కన్న బాపు ఉన్నడు, అవ్వ ఉన్నది. నేను సుత ఉన్న.

భక్తి మనిషికి బలమిస్తదని ఎవరన్న కుర్చీల కూసోని, చాయ తాగుకుంట నెమ్మదిగ చెప్తుంటె నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతది. ఇస్తది, కాదనను. నేను చూసిన. ఆ బలాన్ని ఇచ్చినోళ్లే ఎట్ల వాపసు గుంజుకున్నరో సుత చూసిన. అదెవ్వరూ చెప్పరు.

మా ఊరు పెద్దపల్లికి రెండు కోసుల దూరం. రజాకార్ల జమాన పోయి మూడు నాలుగేండ్లయి ఉంటది. మేనత్త మా బాపుకు ఒక్కతే చెల్లె. పద్నాలుగేండ్లకు లగ్గం చేసిండ్రు. పదిహేడేండ్లకు వాళ్ల ఊర్ల గత్తరొచ్చి, వాంతులు బేదులయి మామ పోయిండు. దినాలయినంక బాపు పోయి ఆమెను బండిల ఎక్కిచ్చుకోని తీసుకొచ్చిండు. గాజులు లేని చేతులు ఒడిల పెట్టుకోని, తల వంచుకోని బండిల కూసున్న మేనత్తను చూసుడే నాకు ఆమె గురించి మొదటి యాది. నాకప్పుడు ఆరేండ్లో ఏడేండ్లో.

మా ఇంట్ల ఆమె ఉన్నదంటె ఉన్నది. తెల్లారకముందె లేసి వాకిలి ఊకేది, బర్రెల పాలు పిండేది, నాట్లకు, కోతలకు అందరికన్న ముందుగాల పొలంల దిగేది. కని ఎవరన్న మంచి పని మీద బయిలెల్లుతున్నరంటె మాత్రం అర్రలకు పోయి నిలవడాలె. ఎదురు రావద్దు. మా అవ్వ చెడ్డ మనిషి గాదు. అయినా ఎటన్న పోయే ముందు ఒకపారి ఇంట్లకు తొంగి చూసి, "జర లోపటికి పోవా" అనేది. ఆ 'జర' అన్న మాటల ఎంత మర్యాద ఉండెనో! ఆమె ఏమన్న చెప్పబోతె, "నీకెందుకే" అని మధ్యలనే ఆపేటోళ్లు. కొన్నొద్దులకు ఆమెనే మాట్లాడుడు బంద్ చేసింది.

మా ఇంటి దేవుడు మల్లన్న. ఏటా ఒకపారి వాకిట్ల పందిరేసి పట్నం ఏయించేటోళ్లు. ఒగ్గుపూజారి వచ్చి పసుపు, కుంకుమ, పచ్చపిండితోని నేల మీద పెద్ద ముగ్గేసి, డోళ్లు కొట్టిచ్చుకుంట మల్లన్న లగ్గం చేస్తడు. అదే పట్నమంటె. మేనత్త వచ్చిన రెండో ఏడు, ఎప్పటిలెక్కనే ఆమె దూరంగ గోడ పక్కపొంటి నిలవడ్డది. డోళ్లు జోరందుకున్నంక ఆమె కొప్పు ఊడింది. ఒళ్లంత ఊగుడు మొదలైంది. జనాన్ని చీల్చుకోని సక్కగ పట్నం కాడికి వచ్చింది. శిగమొచ్చింది, దేవుడు ఒంటి మీదికి వచ్చిండు అన్నరందరు. పూజారి దోసెడు పసుపు తీసి ఆమె నొసటినిండ పూసిండు. మేము దాన్ని బండారి అంటం.

"స్వామి ఈ బిడ్డను కోరుకున్నడు. ఇయ్యాల్టి నుంచి శివసత్తి" అన్నడు.

బొట్టు తుడిచిన నొసలే అది. తుడిచినోళ్లల్ల కొందరు ఆ నాడు పందిరి కింద ఉన్నరు. వాళ్లే ముందుగాల దండం పెట్టిండ్రు.

శివసత్తి అంటె దేవునికి పెండ్లాం లెక్క. ఆ పొద్దుతోని ఆమె బతుకు మారింది. బొట్టు వచ్చింది, చేతులకు గాజులు వచ్చినయి. అర్రలకు పోయి దాసుకునుడు పోయింది. ఆమె ఎదురొస్తె మంచిదని బయిలెల్లేటోళ్లు ఆగి మొక్కేటోళ్లు. మా అవ్వ మగతోడు లేకుండ పెద్దపల్లి అంగడికి పోయి ఎరుగదు. మేనత్త తోటి శివసత్తులతోని కలిసి వేములాడకు పోయింది, కొమురెల్లికి పోయింది. వారం పదొద్దులు జాతరల్ల తిరిగి, ఎండకు నల్లబడ్డ మొఖంతోని, ఎవ్వరికీ జవాబు చెప్పకుండ ఇంట్ల అడుగుపెట్టేది. వచ్చినంక నన్ను పక్కకు కూసోబెట్టుకోని అన్నీ చెప్పేది.

"అక్కడ ఎంతమంది ఆడోళ్లే బిడ్డా! ఎవ్వరు ఎవ్వరిని ఏడికి పోతున్నవని అడగరు. ఆకలైతె తింటరు, నవ్వొస్తె నవ్వుతరు."

ఆమె నవ్వంగ నేను చూసింది శివసత్తి అయినంకనే. ఈ ముచ్చట దాసిపెడితె నా కోపానికి విలువ ఉండదు. అందుకే చెప్తున్న.

శిగంల ఉన్నప్పుడు ఆమె నోటికి అడ్డు లేదు. ఒక ఏడు మా ఊరి పటేలు కాలువ నీళ్లన్నీ మీది పొలాలకే కట్టుకోని కింది పొలాలను ఎండబెట్టిండు. మా బాపు, ఇంకో నలుగురు పోయి బతిమిలాడిండ్రు. ఆయన వాళ్ల దిక్కు మొఖం సుత తిప్పలే. పట్నం నాడు ఆయన వచ్చి ముంగట కూసున్నడు. మేనత్త ఊగుకుంట పోయి ఆయన మెడల కండువ పట్టి గుంజింది.

"ఏరా, నా బిడ్డల నోట్ల మన్ను పోస్తున్నవేందిరా? కాలువ ఇడుస్తవా, ఇడువవా?"

ఆయన రెండు చేతులు జోడిచ్చిండు. "తప్పయింది స్వామీ, ఇడుస్త" అన్నడు. తెల్లారి కాలువల నీళ్లొచ్చినయి. మా మడి సుత పారింది. ఊర్ల ఇంకెవ్వరు ఆయనను 'ఏరా' అన్నా ఆ పొద్దుకే ఊరిడిసి పోవాల్సి వచ్చేది.

నాకు పదకొండేండ్లు నిండేసరికి మా ఊరి బడిల ఉన్న నాలుగు తరగతులు అయిపోయినయి. ఇగ చదువాల్నంటె పెద్దపల్లి పోవాలె. బాపు నాకు సంబంధం చూసిండు. పొద్దున ఆయన అంబలి తాగుతుంటె మేనత్త పోయి ముంగట కూసున్నది.

"అన్నా, పిల్ల మంచిగ సదువుతున్నది. పెద్దపల్లిల చిన్నమ్మ ఉన్నది గద, ఆమె ఇంట్ల ఉంచి సదివియ్యరాదు? గిప్పుడే లగ్గమేంది?"

"ఆడిపిల్లకు సదువేందే? నీకేం ఎరుక? పోయి పని చూసుకో."

"నన్ను చూడన్నా. నాకు గట్లనే చేస్తిరి. ఏమైంది?"

బాపు గిన్నె కింద పెట్టి లేసిపోయిండు. నేను దర్వాజ ఎనుక నిలవడి అంతా ఇన్న.

నెల దినాలకు పట్నమైంది. శిగంల మేనత్త బాపు ముంగటికి వచ్చి నిలవడ్డది. "ఏరా, గా పిల్ల నాది. బడికి తోల్తవా, తోలవా?" అన్నది. మా బాపు, చెల్లె మాట ఇనక లేసిపోయిన మా బాపు, నేల మీద సాష్టాంగ పడ్డడు. "తోల్త స్వామీ, తోల్త" అన్నడు. ఆయన కండ్లల్ల నీళ్లు. సంబంధం ఆగిపోయింది. ఆ ఎండకాలం పోంగనే నేను పెద్దపల్లి బడిల కూసున్న.

ఇయ్యాల నేను నాలుగు అక్షరాలు రాస్తున్ననంటె ఆ మాట పుణ్యమే. కని చదువు పెరిగినకొద్ది ఆ మాటనే నన్ను కుమ్మరిపురుగు లెక్క తొలిచింది. ఒక్కటే నోరు, ఒక్కటే మాట. చెల్లె చెప్తె ఊకదంపుడు, దేవుడు చెప్తె ఆజ్ఞ. ఇంట్ల అన్నం పెట్టే మనిషి మాటకు విలువ రావాల్నంటె ఆమె జుట్టు ఇరబోసుకోని, సోయి తప్పి, తాను తాను గాదని అందరికీ చూపెట్టాల్నా? ఇదేం స్వేచ్ఛ? సంవత్సరానికి ఒకపారి, డోలు మోగినంతసేపు!

మేనత్తకు ముప్ఫై ఏండ్లు దగ్గరవడుతుంటె ఒకాయన కలిసిండు. మందమర్రి బొగ్గుబాయిల పని ఆయనది. పెండ్లాం కాన్పుల పోయింది, నాలుగేండ్ల బిడ్డ ఉన్నది. వేములాడ జాతరల ఆ బిడ్డ తప్పిపోయి ఏడుస్తుంటె మేనత్త ఎత్తుకోని, బెల్లమన్నం తినిపిచ్చి, పొద్దు తిరిగేదాక ఒడిల పండబెట్టుకున్నదట. ఆయన పరేషాన్ అయి ఎతుక్కుంట ఎతుక్కుంట వచ్చి చూసేసరికి బిడ్డ నిద్రపోతున్నది. తర్వాత మా ఊరికి ఒకపారి బిడ్డను తీసుకోని వచ్చిండు. మళ్లొకపారి వచ్చిండు. ఎంత కడుక్కున్నా గోర్ల సందులల్ల నలుపు పోని చేతులు. తక్కువ మాట్లాడేటోడు. బాపుకు ఆయనంటె ఇష్టముండె, ఇద్దరు వాకిట్ల కూసోని బీడీలు తాగేటోళ్లు. మూడోపారి వచ్చినప్పుడు ఆయన దాపరికం లేకుండ అడిగిండు.

"బావా, నీ చెల్లెను నాకియ్యి. మంచిగ చూసుకుంట."

బాపు బీడీ పడేసిండు. "దేవునికి ఇచ్చినదాన్ని నీకెట్ల ఇస్తం?"

మేనత్త ఇంట్లకెల్లి బైటికి వచ్చింది. "నన్ను ఎవరిచ్చిండ్రన్నా? మీరిచ్చింది గత్తరొచ్చి సచ్చిపోయినాయనకు. దేవుని తానకు నేనే పోయిన."

"అయితె ఆయననే అడుగు పో!" అన్నడు బాపు కోపానికి.

ఊరంత గుప్పుమన్నది. పిల్లలకు జరమొస్తె బండారి పెట్టిచ్చుకునే ఆడోళ్లు వచ్చి, "నువ్వు పోతె మాకు దిక్కెవ్వరు?" అని ఏడ్సిండ్రు. శివసత్తి మనువాడితె వానలు పడయని పూజారి అన్నడు. పదేండ్ల నుంచి ఆమె నోటి మాటతోని పొలాలు పారిచ్చుకున్నోళ్లు, పిల్లల లగ్గాలకు సరేననిపిచ్చుకున్నోళ్లు, ఆమెకు సుత ఒక బతుకు కావాల్నంటె ఎర్రగ చూసిండ్రు. మా అవ్వ సుత, "మనింటికి కీడు తేకు" అన్నది.

ఆ ఏడు పట్నానికి నేను బడి సెలవుల ఇంటికాడనే ఉన్న. పదిహేడేండ్లదాన్ని. పగటిపూట పందిరి కింద ఊరంత చేరింది. డోళ్లు మొదలైనయి. మేనత్త ఆ నాడు ఎక్కువ ఊగలే. కండ్లు మూసుకోని పట్నం ముంగట నిలవడి, గట్టిగ, ఒక్కొక్క మాట ఇడిసిపెట్టి చెప్పింది.

"నా బిడ్డ మందమర్రి పోతది. నేనే తోలుతున్న. ఆపినోని సంగతి నేను చూసుకుంట."

డోళ్లు ఆగినయి.  పూజారి మెల్లగ లేసిండు. పదేండ్ల కింద ఆమె నొసటికి బండారి పూసిన చేయే ఆయనది.

"ఇది స్వామి మాట గాదు. ఆడిదాని కోరిక మాట్లాడుతున్నది" అన్నడు.

"మరి తెల్సుకుందాం" అన్నడు పటేలు. ఆయన ఆ మాట అన్నప్పుడు మూతి మీద చిన్న నవ్వు ఉండె. నేను చూసిన. కండువ పట్టి గుంజిన పొద్దు ఆయన మర్సిపోలే. "స్వామి అయితె చేయి కాలదు. కర్పూరం తేండ్రి."

శివసత్తులు అరచేతిల కర్పూరం పెట్టుకోని హారతిచ్చుడు మాకు కొత్త గాదు. కని అది గోరంత బిళ్ల, చిటికెల అయిపోతది. ఆ నాడు పిడికెడు తెచ్చిండ్రు. మేనత్త వాళ్ల దిక్కు చూసి కుడిచేయి తానే ముంగటికి చాపింది. "పెట్టుండ్రి" అన్నది.

వెలిగించిండ్రు. మంట జానెడు లేసింది. ఆమె చేయి ముడువలే. పెదవులు కొరుక్కున్నది. మల్లన్న, మల్లన్న అని అంటనే ఉన్నది. తోలు కాలిన వాసన నాదాక వచ్చింది. బాపు నేల చూసిండు. అవ్వ కొంగు మూతికి అడ్డం పెట్టుకున్నది. నేనేమో ఎవ్వరన్న ఆపుతరని చూసిన. నన్ను బడికి తోలిన మనిషి చేయి కాలుతుంటె నేను ఎవరో ఆపాల్నని చూసిన!

మంట ఆరినంక పటేలు వంగి ఆమె అరచేయి చూసిండు. "కాలింది. స్వామి ఉంటె కాలుతదా?" అన్నడు. పూజారి తువ్వాలతోని ఆమె నొసటి మీది బండారి తుడిచిండు. ఆ నొసలు తుడుచుడు ఇది రెండోపారి.

నేను అప్పుడు కదిలిన. గోళెం కాడికి ఉరికి చెంబెడు నీళ్లు తెచ్చి ఆమె చేయి మీద పోసిన. ఆమె నన్ను చూసి, "ఇప్పుడు ఎందుకే బిడ్డా, ఆరిపోయింది గద" అన్నది. తిట్టినట్టు గాదు, మామూలుగనే అన్నది. అంతకన్న ఆమె నన్ను కొట్టినా మంచిగుండు.

తెల్లారి బాపును అడిగిన. "నన్ను బడికి తోలుమన్నప్పుడు గీ పరీక్ష ఎందుకు పెట్టలే? అప్పుడు స్వామేనా అని ఎందుకు అడగలే?"

 బర్రెకు గడ్డి ఏసి వచ్చి, నా దిక్కు చూడకుండనే చెప్పిండు. "అప్పుడు ఆయన అడిగింది మనకు శాతనైంది."

ఇంత నిజం మా బాపు నోట మళ్లెన్నడు ఇనలే. దేవుని మాట దేవునిదా కాదా అనేది ఇనేటోళ్లకు శాతనైతదా కాదా అన్నదాని మీద ఉన్నదన్నట్టు. ఇయ్యాలటికీ పెద్ద పెద్ద మాటలు చెప్పేటోళ్ల ముంగట నాకు మా బాపు మాటనే యాదికొస్తది.

అవ్వ వెన్నపూస రాసి పాతచీర పీలిక కట్టింది. మూడో నాడు పొద్దెక్కినంక మేనత్త మూట పట్టుకోని వాకిట్ల నిలవడ్డది.

"పోతున్నన్నా. దేవుని మాట ఇనకపోతిరి. ఇగ నా మాట ఇంటరని నాకు ఆశ లేదు."

బాపు ఆపలే. మూట నేను అందుకున్న. ఊరి నడుమకెల్లి నడిచినం. ఆమె ఎదురొస్తె ఆగి మొక్కినోళ్లు తలుపులు దగ్గరేసుకున్నరు. పెద్దపల్లి టేషన్ల రైలెక్కిచ్చిన. కిటికీల కూసోని ఎడమచేతితోని నా తల నిమిరింది.

ఆ ఏడు వానలు మంచిగనే పడ్డయి. ఆ సంగతి ఊర్ల ఎవ్వరూ మాట్లాడలే.

నేను పంతులమ్మ ట్రైనింగ్ చేసి, మందమర్రిల చిన్న పిల్లల బడిల నౌకరి దొరికిచ్చుకోని, మేనత్త, ఆమెను మనువాడిన కొత్త మామ ఉండే కోటర్లనే కొన్నేండ్లు ఉన్న. రెండర్రలు, ముంగట రేకుల పందిరి. పొద్దున లేసి చూస్తె ఆరేసిన బట్టల మీద సన్నటి బొగ్గుదూళి. సైరన్ మోగినప్పుడల్లా మేనత్త ఏ పనిల ఉన్నా ఒక గడియ ఆగేది, మామ బైటికి వచ్చి ఉంటడా అని. ఆయన బిడ్డ ఈమెను అవ్వ అనే పిలిచేది. కుడిచేతి రెండు వేళ్లు సక్కగ చాపరాకపోయేది. రొట్టె కొట్టుడు ఎడమచేతితోని నేర్సుకున్నది.

ఐతారం ఐతారం గూట్ల మల్లన్నకు బండారి పెట్టి మొక్కేది. అది చూస్తె నాకు మండేది. ఒకనాడు ఊకోలేకపోయిన.

"ఇంక ఎందుకు మొక్కుతవత్తా? చేయి కాలింది సాలదా?"

"చేయి కాల్చింది ఆయనా, వాళ్లా?"

"ఆయన పేరు మీదనే కాల్చిండ్రు గద!"

"నీ పేరు చెప్పి ఎవడన్న దొంగతనం చేస్తె నువ్వు దొంగవైతవా?"

"నేనైతె వచ్చి, నాకు తెల్వదని చెప్త. ఆయన వచ్చిండా?"

ఆమె చాటల బియ్యం చెరుగుతనే ఉన్నది. నేనూ ఊకోలే. ఏండ్ల నుంచి అడగాల్ననుకున్నది అడిగేసిన. "నన్ను బడికి తోలుమన్నది ఎవరత్తా? నువ్వా, దేవుడా?"

ఆమె చాట ఆపింది. "నీ బాపు ఇనక లేసిపోయినంక గా మాట నెల దినాలు గొంతుల అడ్డం పడ్డట్టుండెనే. అన్నం మింగనియ్యలే. డోలు మోగంగనే బైటికి వచ్చింది. తెచ్చింది ఎవ్వరో నేను చూడలే బిడ్డా. అబద్దమెందుకు చెప్త?"

నేను అనుకున్న జవాబు అది గాదు. నటించిన అంటె నాకు గర్వంగుండు. దేవుడే అంటె కోపం చేసుకుందు. ఆమె రెండూ అనలే.

మందమర్రిల ఆమెకు ఒక్కపారి సుత శిగం రాలే. మా పక్క కోటర్ల ఉండే ఒకామెను మొగడు రోజూ కొట్టేటోడు. ఈమె ఎన్కటి సంగతి తెలిసి ఆడోళ్లు నలుగురు వచ్చిండ్రు. "వానికి దేవుడంటేనే భయం. ఐతారం నాడు జర శిగమూగి చెప్పరాదు" అన్నరు. మేనత్త లేసి కాళ్లకు చెప్పులు తొడుక్కున్నది.

"శిగమెందుకు? దేవుడు చెప్పిండని ఇయ్యాల ఇంటడు, రేపు నన్ను కర్పూరం పట్టుమంటడు. నడువుండ్రి, మన నోటితోనే అడుగుదాం."

పగటి షిఫ్టు దిగే యాళ్లకు బాయి గేటు కాడికి ఆరుగురం పోయినం. నల్ల మొఖాలతోని మనుషులు బైటికి వస్తున్నరు. ఆమె అందరి ముంగట ఆయనను నిలవెట్టింది. "పెండ్లాన్ని ఎందుకు కొడుతున్నవు తమ్మీ?" అని మామూలు గొంతుతోని అడిగింది. తోటి పనోళ్లు ఆగి చూసిండ్రు. ఆయన మా ఇంటి ముచ్చట నీకెందుకన్నడు, నువ్వెవరన్నడు. "నీ పక్కింటిదాన్ని. గోడకు ఆ పక్కకెల్లి నాకు ఇనవడుతది" అన్నది. ఆయన తల దించుకోని పోయిండు. రెండు నెలలు చేయెత్తలే. మళ్ల ఎత్తిండు. మళ్ల పోయినం. కండువ పట్టి గుంజితె పటేలు ఒక్కనాడే కాలువ ఇడిసిండు. ఇక్కడ ఆయన చేయి ఆగేటందుకు ఏడాది పట్టింది. ఇదే కష్టం. ఇది కష్టమని తెలిసే ఆడోళ్లు దేవుని ఆసర తీసుకుంటరని నాకు అప్పుడు అర్థమైంది, అయినా కోపం తగ్గలే.

ఆఖరుకు బాపు వచ్చిండు. ఎనిమిదేండ్లు అయినంక. తల నెరిసింది. వాకిట్ల మంచంల కూసోని మేనత్త చేయి దిక్కు చూడకుండ ఉండేటందుకు శానా తిప్పలు పడ్డడు. ఆమె రొట్టె, పప్పు పెట్టింది. తిన్నంక చెప్పిండు.

"పట్నం ఏద్దామనుకుంటున్న. పూజారి పోయిండు, కొడుకు వస్తుండు. ఊర్ల మల్ల శివసత్తి లేదు. అందరు నిన్నే తలుస్తుండ్రు. రావే."

నేను నోరు తెరువబోయిన. మేనత్త చేయి అడ్డం పెట్టింది.

"వస్తన్నా. మన ఇల్లు, మన దేవుడు, ఎందుకు రాను? కని శిగమూగ. ఏమన్న చెప్పాల్నంటె నీ పక్కన మంచంల కూసోని చెప్త. ఇంటవా?"

బాపు కండువతోని మొఖం తుడ్సుకున్నడు.  కొద్దిసేపటికి రైలు యాళ్లయిందని లేసిండు. మామ టేషన్ దాక సాగతోలి వచ్చిండు. మేనత్త గిన్నెలు తోముకుంట, "తలకాయ మొత్తం నెరిసింది గద" అని ఒక్క మాట అన్నది. ఆ ఏడు పట్నానికి ఆమె పోలే. పిలుపు రాలే.